ఉక్కు పట్టణంలో కర్బన పద్దు: భిలాయ్ వాణిజ్య విద్యార్థికి సుస్థిరత చూపే దారి

భిలాయ్: ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఉక్కు పట్టణంలో ఒక తరం క్రితం వరకు చదువుకు, ఉద్యోగానికి మధ్య దూరం తక్కువగా ఉండేది. తండ్రి కర్మాగారంలో పనిచేసేవాడు. సెక్టారు క్వార్టరులో పెరిగిన కుమారుడు ఐటీఐయో, ఇంజినీరింగో పూర్తిచేసి అదే గేటు ముందు వరుసలో నిలబడేవాడు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ క్రమమే పరిచయం. ఇప్పుడు ఆ వరుస కురచబడింది. శాశ్వత కొలువులు తగ్గి, కాంట్రాక్టు పనులు పెరిగాయి. బీకాం, బీబీఏ, ఎంబీఏ చదువుతున్న యువత సంఖ్యేమో పెరుగుతూ వచ్చింది. వీరిలో కొందరిని నేడు ఆకర్షిస్తున్న మాట ‘సుస్థిరత’.

ఆ మాట వినసొంపుగా ఉంటుంది. దాని వెనుక నిజమైన ఉద్యోగం ఉన్నదా, లేక కళాశాలల ప్రచారపత్రాలకు మాత్రమే అది అలంకారమా అన్నది విద్యార్థికీ, ఫీజు కట్టే తల్లిదండ్రులకూ చిన్న ప్రశ్న కాదు. దీనికి జవాబును మహానగరాల కార్పొరేట్ కార్యాలయాలలో కంటే, పొగగొట్టాలు కంటికి కనిపించే భిలాయ్ వంటి చోట వెదకడం మేలు.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి బీజం పడింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. తొలినాళ్లలో దీని సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నులు. ప్రస్తుతం ఇది ప్రభుత్వరంగ సంస్థ ‘సెయిల్’లో భాగం. భారతీయ రైల్వేలు నడిచే పట్టాలలో అధికభాగం దశాబ్దాలుగా ఇక్కడే తయారయ్యాయి. ఆధునికీకరించిన కర్మాగారాన్ని 2018 జూన్ 14న ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు.

బొగ్గు ఇంధనం మాత్రమే కాదు

ఉక్కు పరిశ్రమలో సుస్థిరత ఎందుకు క్లిష్టమైన విషయమో తెలియాలంటే కొలిమిలో జరిగేదేమిటో తెలియాలి. ముడి ఇనుము నేలలో ఆక్సిజన్‌తో కలిసి ఖనిజ రూపంలో ఉంటుంది. ఆ ఆక్సిజన్‌ను విడదీస్తే గాని లోహం దక్కదు. విడదీసే పనిని బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్, అంటే గాలి తగలకుండా కాల్చిన ప్రత్యేక బొగ్గు, చేస్తుంది. కోక్‌లోని కర్బనం ఖనిజంలోని ఆక్సిజన్‌ను తనతో కలుపుకొని చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. అంటే ఇక్కడ బొగ్గు వేడి కోసం మండే ఇంధనమే కాదు, రసాయన చర్యలో పాల్గొనే ముడిసరుకు కూడా. విద్యుత్ కేంద్రంలో బొగ్గు స్థానంలో సౌరఫలకాలు పెట్టినట్లు కొలిమిలో పెట్టడం కుదరదు.

కోక్ స్థానంలో హైడ్రోజన్‌ను వాడితే కార్బన్ డయాక్సైడ్‌కు బదులు నీటి ఆవిరి వెలువడుతుంది. అయితే ఆ హైడ్రోజన్‌ను పునరుత్పాదక విద్యుత్తుతో తయారుచేయాలి. ధర ఇంకా ఎక్కువే. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌కు కేటాయించిన 19,744 కోట్ల రూపాయలలో ఉక్కు రంగ ప్రయోగాలకు ప్రత్యేకంగా 455 కోట్లు ఉంచారు. తుక్కు ఉక్కును విద్యుత్ కొలిమిలో కరిగించడం మరో మార్గం. దేశంలో తుక్కు లభ్యత పరిమితం కావడం వల్ల దానికీ హద్దులున్నాయి.

ఈ కారణాల వల్లనే భారతదేశంలో ఒక టన్ను ముడి ఉక్కు తయారీకి సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుండగా, ప్రపంచ సగటు దాదాపు 1.9 టన్నులుగా ఉంది. బూడిద శాతం ఎక్కువగా ఉండే దేశీయ బొగ్గు, రాయ్‌పూర్ పరిసరాలలో విస్తరించిన బొగ్గు ఆధారిత స్పాంజ్ ఐరన్ పరిశ్రమలు ఈ వ్యత్యాసానికి ప్రధాన కారణాలలో ఉన్నాయి. దేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల స్థితికి చేరుకుంటుందని 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. మరోవైపు, 2017 జాతీయ ఉక్కు విధానం 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల ఉత్పత్తి సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకొంది. ఉత్పత్తి పెరగాలి, ఉద్గారాలు తగ్గాలి. ఈ రెండింటి మధ్య ఇరుకున పుట్టినదే విద్యార్థి వెదుకుతున్న ఉద్యోగం.

పద్దు రాయక తప్పని పరిస్థితి

ఒకప్పుడు కంపెనీలు తమ వార్షిక నివేదిక చివర మొక్కలు నాటిన ఫొటోలు ముద్రించి పర్యావరణ బాధ్యత తీరిందనిపించుకొనేవి. అది స్వచ్ఛందం. ఇప్పుడు చట్టపరమైన గడువులు, సంఖ్యలు, తనిఖీలు వచ్చాయి. ఆసక్తి ఒక వృత్తిగా మారింది ఈ మార్పు వల్లనే.

మొదటిది సెబీ నిబంధన. మార్కెట్ విలువ ప్రకారం తొలి 1,000 స్థానాలలో ఉన్న లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి ‘వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక’ను తప్పనిసరిగా ప్రకటించాలి. ఆంగ్ల పొడి అక్షరాలలో దీనిని బీఆర్‌ఎస్‌ఆర్ అంటారు. ఎంత ఇంధనం, ఎంత నీరు వాడారు, ఎంత వ్యర్థం మిగిలింది, ఎందరు కార్మికులు గాయపడ్డారు, స్త్రీల వేతనాల వాటా ఎంత వంటి వివరాలను అంకెలలో చూపాలి. వీటిలో కీలకమైన వాటిని ఏరి 2023 జులైలో సెబీ ‘బీఆర్‌ఎస్‌ఆర్ కోర్’ను తెచ్చింది. వాటికి బయటి సంస్థ ధ్రువీకరణ కూడా దశలవారీగా తప్పనిసరి అయింది. లిస్టెడ్ సంస్థ కావడంతో సెయిల్ కూడా ఏటా ఈ నివేదికను వెలువరిస్తుంది.

రెండోది ఉక్కుకే ప్రత్యేకం. 2024 డిసెంబరు 12న కేంద్ర ఉక్కు మంత్రిత్వశాఖ హరిత ఉక్కుకు నిర్వచనం ప్రకటించింది. తయారైన ఉక్కు టన్నుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలుంటేనే దానిని హరిత ఉక్కుగా గుర్తిస్తారు. 2.0 నుంచి 2.2 వరకు మూడు నక్షత్రాలు, 1.6 నుంచి 2.0 వరకు నాలుగు, 1.6 లోపు ఉంటే ఐదు. ఈ లెక్కల కొలమానం, నివేదన, ధ్రువీకరణ బాధ్యతను జాతీయ సెకండరీ స్టీల్ టెక్నాలజీ సంస్థకు అప్పగించారు. ఉదాహరణకు ఏడాదికి లక్ష టన్నులు తయారుచేసే ఒక మిల్లు ఉద్గారాలు టన్నుకు 2.3 అనుకుందాం. దానికి నక్షత్రమే రాదు. విద్యుత్తులో కొంత సౌరశక్తికి మార్చి, కొలిమి వేడి వృథాను అరికట్టి 2.1కి దిగితే మూడు నక్షత్రాలు దక్కుతాయి. ఏటా 20,000 టన్నుల ఉద్గారాలూ తగ్గుతాయి. అందుకు పెట్టిన పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగి వస్తుందన్న ప్రశ్నకు ఇంజినీరు ఒక్కడే సమాధానం చెప్పలేడు.

మూడోది కార్బన్ క్రెడిట్ల మార్కెట్. 2022లో ఇంధన పరిరక్షణ చట్టాన్ని సవరించిన కేంద్రం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. ఎంపిక చేసిన రంగాలలో ఇనుము, ఉక్కు ఉన్నాయి. ఇందులో మొత్తం ఉద్గారాలపై కాకుండా, ఒక్కో టన్ను ఉత్పత్తికి వెలువడే ఉద్గారంపై లక్ష్యం విధిస్తారు. లక్ష్యం 2.3గా ఉన్న కర్మాగారం 2.2 సాధించి 10 లక్షల టన్నులు తయారుచేసిందనుకుంటే, దాని ఖాతాలో లక్ష క్రెడిట్లు జమ అవుతాయి. లక్ష్యం తప్పిన సంస్థ వాటిని కొనుక్కోవలసి ఉంటుంది. మరో విధంగా చెప్పాలంటే, పొగకు డెబిట్, క్రెడిట్ వచ్చాయి.

ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన సుంకం గురించి ఇటీవలి కాలంలో విస్తృతంగా చర్చ జరుగుతోంది. 2023 అక్టోబరు 1న నివేదికల దశగా ఆరంభమైన ఈ విధానంలో 2026 జనవరి 1 నుంచి చెల్లింపు బాధ్యత మొదలైంది. తొలి ఏడాది భారం 2.5 శాతానికే వర్తిస్తుంది, 2030లో 48.5 శాతానికి, 2034 నాటికి నూరు శాతానికి పెరుగుతుంది. ధ్రువీకరించిన సొంత గణాంకాలు చూపలేని ఎగుమతిదారుకు సమాఖ్య నిర్ణయించిన ప్రామాణిక విలువలు వర్తిస్తాయి. అవి ఉద్దేశపూర్వకంగానే భారంగా ఉంటాయి. లెక్క రాయనివాడు ఎక్కువ కట్టాలన్నమాట. భిలాయ్ పట్టాలకు ప్రధాన కొనుగోలుదారు భారతీయ రైల్వేలే కనుక ఈ సుంకం ఇక్కడి కర్మాగారాన్ని నేరుగా కుదిపేస్తుందనడం అతిశయోక్తి. అయితే ఆ రైల్వేలే 2030 నాటికి నికర శూన్య ఉద్గారాలు లక్ష్యమని ప్రకటించాయన్న సంగతి మరువరాదు.

ఈ పొగ ఎవరి ఖాతాలోకి?

కర్బన గణన అంటే యంత్రాలకు సెన్సర్లు బిగించడమే అనుకొనేవారు చాలామంది. నిజానికి అందులో సగానికి పైగా పని గణకుడిదే. ఉద్గారాలను మూడు పద్దులుగా విభజిస్తారు. సంస్థ సొంత కొలిముల నుంచి, వాహనాల నుంచి వెలువడేవి మొదటి పద్దు. కొనుగోలు చేసిన విద్యుత్తు వెనుక దాగి ఉన్నవి రెండోది. సరఫరాదారుల నుంచి వినియోగదారు వరకు విస్తరించిన తక్కిన గొలుసంతా మూడోది. కాగితం మీద ఇది సులువుగానే కనిపిస్తుంది.

భిలాయ్‌లోనే ఒక చక్కని చిక్కు ఉంది. కర్మాగారం పక్కనే 500 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దానిని నడిపే సంస్థలో సెయిల్‌కు, ఎన్టీపీసీకి చెరి సగం వాటా. అక్కడి విద్యుత్తు ఉక్కు కర్మాగారానికీ అందుతుంది. ఆ కేంద్రం పొగ ఎవరి ఖాతాలో పడాలి? వాటాల పద్ధతిని అనుసరిస్తే సగం ఉద్గారాలు సెయిల్ మొదటి పద్దులో చేరతాయి. నిర్వహణ నియంత్రణ పద్ధతిని అనుసరిస్తే, కేంద్రాన్ని సెయిల్ స్వయంగా నడపడం లేదు కనుక, కొన్న విద్యుత్తు మేరకు రెండో పద్దులో చూపాలి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రెండూ చెల్లుబాటయ్యే పద్ధతులే. అయితే ఒక ఏడాది ఒకటి, మరుసటి ఏడాది మరొకటి ఎంచుకొని ఉద్గారాలు తగ్గాయని చెప్పడం మాత్రం చెల్లదు. అనుబంధ సంస్థల ఖాతాలను ఏకీకృతం చేయడం చదువుకున్న వాణిజ్య విద్యార్థికి ఈ తర్కం కొత్తది కాదు. అతనికి తెలియనిది కొలిమి.

చిట్టెం కథ మరొకటి. ఇనుము కరిగినప్పుడు పైకి తేలే ఈ మలినాన్ని పరిశ్రమ భాషలో స్లాగ్ అంటారు. ఒకప్పుడు గుట్టలుగా పోసిన ఈ పదార్థం ఇప్పుడు సిమెంటుకు ముడిసరుకు. భిలాయ్ పొరుగున జాముల్‌లో ఉన్న ఏసీసీ సిమెంటు కర్మాగారం ఈ స్లాగ్‌ను వాడుకొంటూ వచ్చింది. స్లాగ్ కలిపిన మేరకు సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్ అవసరం తగ్గి, సిమెంటు ఉద్గారాలు తగ్గుతాయి. ఆ తగ్గుదల ఘనత ఉక్కు సంస్థదా, సిమెంటు సంస్థదా? ఇద్దరూ తమదేనని రాసుకుంటే ఒకే తగ్గుదల రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఇటువంటి జంట లెక్కలను పట్టుకోవడమే ధ్రువీకరణ సంస్థలలో చేరే యువతకు దినచర్య.

గనులు, మనుషులు

సుస్థిరతను కర్బనానికే కుదించి చూడటం నేటి వ్యాపార విద్యలో కనిపించే ఒక లోపం. భిలాయ్ చరిత్రే అందుకు జవాబు. కర్మాగారానికి ఖనిజం అందించే దల్లీ రాజ్‌హరా గనులు దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 1970వ దశకం చివర ఆ గనులను పూర్తిగా యాంత్రీకరించే ప్రతిపాదన వచ్చినప్పుడు, చేతులతో ఖనిజం తవ్వే వేలాది మంది ఆదివాసీ, గ్రామీణ కార్మికుల పొట్టకూటి ప్రశ్న తలెత్తింది. శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని గని కార్మిక సంఘం యంత్రాలు వద్దేవద్దని మొండికేయలేదు. మనుషుల పని మిగిలేలా కొంతమేరకే యంత్రాలు ప్రవేశపెట్టే ‘అర్ధ యాంత్రీకరణ’ను ప్రత్యామ్నాయంగా ప్రతిపాదించి, ఖర్చుల లెక్కలతో వాదించింది. అదే కార్మికులు 1983లో తమ చందాలతో, శ్రమతో షహీద్ ఆసుపత్రిని నిర్మించుకొన్నారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు.

నేడు వాతావరణ సదస్సులలో ‘న్యాయమైన పరివర్తన’ పేరిట సాగుతున్న చర్చ సారాంశం అదే. సాంకేతికత మారినప్పుడు నష్టం ఎవరి మీద పడుతుంది, ఎవరిని సంప్రదించారు అన్నదే ప్రశ్న. దల్లీ రాజ్‌హరా నిల్వలు తరిగిపోతుండటంతో కర్మాగారం చూపు రౌఘాట్ గనులపై పడింది. అడవులు, ఆదివాసీ గ్రామాలు ఉన్న ఆ ప్రాంతంలో తవ్వకం చుట్టూ అవే ప్రశ్నలు మళ్లీ ముందుకు వచ్చాయి. వాటిని వాణిజ్య విద్యార్థి బీఆర్‌ఎస్‌ఆర్‌లోని ఒక గడిగా మాత్రమే చూస్తే, అతడు నింపే గడి తప్పవుతుంది.

భద్రత కూడా ఇందులో భాగమే. 2018 అక్టోబరు 9న కర్మాగారంలోని కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను వద్ద జరిగిన ప్రమాదంలో పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. శాశ్వత ఉద్యోగుల ప్రమాదాలనే కాక ఇతర కార్మికుల ప్రమాదాలనూ, మరణాలనూ వేర్వేరుగా చూపాలని కొత్త నివేదికలు అడుగుతున్నాయి. కాంట్రాక్టరు రిజిస్టరులో ఉండి కంపెనీ రిజిస్టరులో లేని మనిషిని లెక్కలోకి తేవడం చిన్న పనేమీ కాదు.

ఏమి చదవాలి, ఎక్కడ ఆగాలి

భిలాయ్ ప్రాంతానికి ఉన్నత విద్య కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. 2010లో ఐఐఎం రాయ్‌పూర్, 2016లో ఐఐటీ భిలాయ్ వచ్చాయి. సుస్థిరతనే ప్రత్యేకాంశంగా ఎంచుకొనేవారికి ఐఐఎం లఖ్‌నవూ 2015 నుంచి ప్రత్యేక కార్యక్రమం నడుపుతోంది. ఢిల్లీలోని టెరీ ఉన్నత విద్యాసంస్థలో, భువనేశ్వర్‌లోని ఎక్స్‌ఐఎం విశ్వవిద్యాలయంలో కూడా ఎంబీఏ స్థాయి కోర్సులున్నాయి.

ఇక్కడ ఒక విషయం ముందుగానే తెలుసుకోవడం మంచిది. ఇంధన సామర్థ్య బ్యూరో నిర్వహించే ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలకు ఇంజినీరింగ్ లేదా నిర్దిష్ట సైన్స్ అర్హత, దానితోపాటు అనుభవం అవసరం. బీకాం తరువాత ఎంబీఏ చేసినంత మాత్రాన ఆ తలుపు తెరుచుకోదు. కొన్ని కోర్సుల ప్రచారంలో ఈ మాట చిన్న అక్షరాలలో కూడా కనిపించదు. వాణిజ్య విద్యార్థికి సహజమైన దారులు వేరు: సుస్థిరత నివేదికల తయారీ, వాటి ధ్రువీకరణ, సరఫరా గొలుసు సమాచార సేకరణ, హరిత రుణాల మదింపు, కార్బన్ క్రెడిట్ల కొనుగోలు అమ్మకాలు. అంతర్జాతీయ సుస్థిరత ప్రమాణాల మండలి 2023 జూన్‌లో వెలువరించిన రెండు ప్రమాణాలు వాతావరణ ముప్పును నేరుగా ఆర్థిక నివేదికలతో ముడిపెట్టాయి. అందువల్ల చార్టర్డ్ అకౌంటెన్సీ, కాస్ట్ అకౌంటెన్సీ చదివేవారికీ ఇది పరాయి విషయం కాదు.

సామాజిక బాధ్యత నిధుల విభాగంలో పనిచేయడమే సుస్థిరత అన్న అపోహ కూడా విస్తృతంగా ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. అది లాభం వచ్చాక దానిని ఎలా ఖర్చు పెట్టాలన్న విషయం. లాభం ఎలా వచ్చిందన్నది సుస్థిరత అడిగే ప్రశ్న. ఒక పాఠశాలకు రంగులు వేయించి, ఆ పక్కనే వాగులోకి మురుగు వదిలే సంస్థ మొదటి పరీక్షలో నెగ్గి రెండోదానిలో తప్పుతుంది. ఆధారం లేని పర్యావరణ ప్రకటనలను కట్టడి చేస్తూ 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీచేసింది. ‘పర్యావరణ హితం’ అని పెట్టె మీద ముద్రించాలంటే ఇప్పుడు రుజువు చూపాలి. ఆ రుజువు సిద్ధం చేయడమూ ఉద్యోగమే. లేని రుజువును ఉన్నట్లు రాయమని పైఅధికారి అడిగినప్పుడు కాదనడం ఆ ఉద్యోగంలో కష్టమైన భాగం.

అన్నిటికంటే ఎక్కువ పని మిగిలి ఉన్నది బహుశా పెద్ద కర్మాగారంలో కాదు, దాని చుట్టూ. దుర్గ్, భిలాయ్, రాయ్‌పూర్ పారిశ్రామిక వాడలలో రీరోలింగ్ మిల్లులు, ఫౌండ్రీలు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు వందల సంఖ్యలో ఉన్నాయి. పెద్ద సంస్థలు తమ మూడో పద్దు నింపడానికి వీటిని వివరాలు అడుగుతాయి. వీటిలో చాలావాటికి ఒక గుమస్తా, ఒక ట్యాలీ కంప్యూటరు తప్ప వేరే విభాగమంటూ ఉండదు. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన విద్యార్థి అక్కడ పన్నెండు నెలల కరెంటు బిల్లులు, బొగ్గు, డీజిల్ ఇన్వాయిస్‌లు, ఉత్పత్తి రిజిస్టరు ముందు వేసుకొని కూర్చుంటే ఆ మిల్లు జీవితంలో తొలిసారిగా టన్నుకు ఎంత ఉద్గారమన్న అంకె తేలుతుంది. ఆ అంకె 2.2కు ఇవతల ఉన్నదా, అవతల ఉన్నదా అన్నదానిపై యజమాని తదుపరి నిర్ణయం ఆధారపడుతుంది. ఆ గీత కూడా శాశ్వతం కాదు. మూడేళ్లకొకసారి దానిని సమీక్షించాలని ఉక్కు మంత్రిత్వశాఖ నిర్ణయించింది. ఆ లెక్కన మొదటి సమీక్ష 2027లో జరగవలసి ఉంది.